నెట్‌వర్క్ డ్రైవర్ వల్ల సర్వర్ పడిపోతోందా: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్ అర్ధరాత్రి ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, పొద్దున చూస్తే అన్ని సర్వీసులూ మామూలుగానే నడుస్తుంటాయి, నాలుగు రోజులకి మళ్లీ అదే వరస. ర్యామ్ మార్చి చూస్తారు, పవర్ సప్లై మార్చి చూస్తారు, ఆఖరికి ఓఎస్ మొత్తం కొత్తగా వేస్తారు, అయినా ఆగదు. ఇలాంటి కేసుల్లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ని, అంటే ఆ కార్డుతో మాట్లాడటానికి ఓఎస్ వాడే సాఫ్ట్‌వేర్‌ని, ఎలా అనుమానించాలో, ఎలా పట్టుకోవాలో విండోస్, లైనక్స్, వీఎంవేర్ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపేది) మూడింటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. సపోర్ట్ షిఫ్టుల్లో ఉన్నవాళ్లూ, చిన్న ఆఫీసులోనో కాలేజీలోనో ఆసుపత్రిలోనో ఉన్న ఒకే ఒక్క సర్వర్‌ని ఒంటిచేత్తో చూసుకునేవాళ్లూ తమకి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మొత్తం చదివే టైమ్ లేకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డంప్ ఫైల్, అంటే పడిపోయిన క్షణంలో మెమరీలో ఏముందో ఓఎస్ రాసిపెట్టిన ఫైల్, జాగ్రత్త చేయకుండా దేన్నీ మార్చొద్దు.

ఒక కార్డు డ్రైవర్ పాడైతే నెట్‌వర్క్ పోవాలి గానీ, మొత్తం సర్వర్ ఎందుకు పడిపోతుంది?

డ్రైవర్ నడిచేది కెర్నల్ లోపల, అంటే ఓఎస్ గుండెకాయలో, కాబట్టి. మామూలు ప్రోగ్రామ్ తనది కాని మెమరీ జోలికి వెళ్తే ఓఎస్ ఆ ఒక్క ప్రోగ్రామ్‌ని ఆపేసి ముందుకి సాగిపోతుంది. కెర్నల్‌లో ఉన్న కోడ్ అదే పని చేస్తే ఇక ఏ మెమరీని నమ్మాలో ఓఎస్‌కే తెలియదు, డిస్క్ మీద తప్పుడు డేటా రాసే కంటే ఆగిపోవడమే మేలని తనంతట తానే ఆగిపోతుంది. విండోస్ బ్లూ స్క్రీన్ అన్నా, లైనక్స్ కెర్నల్ పానిక్ అన్నా, వీఎంవేర్ పర్పుల్ స్క్రీన్ అన్నా జరిగేది ఇదే.

నెట్‌వర్క్ డ్రైవర్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వచ్చిన ప్యాకెట్లని కార్డు సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెయిన్ మెమరీలో రాసేస్తుంది, దీన్నే డీఎంఏ అంటారు. ఎక్కడెక్కడ రాయాలో చెప్పే జాబితాని, అంటే రింగ్ బఫర్‌ని, డ్రైవరే తయారు చేసి ఇస్తుంది. డ్రైవర్ ఒక బఫర్‌ని వదిలేసి ఆ సంగతి కార్డుకి చెప్పడం మర్చిపోయిందనుకోండి, ఆ చోటుని ఈలోపు ఓఎస్ ఏ ఫైల్ సిస్టమ్‌కో ఇచ్చేసి ఉంటుంది, కార్డు మాత్రం పాత అడ్రస్‌లోనే ప్యాకెట్లు కుమ్మరిస్తూ ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల పేరు మీద పార్సిళ్లు వస్తూనే ఉంటే కొత్తగా అద్దెకి దిగినవాళ్లు ఇబ్బంది పడ్డట్టే, ఇక్కడ తప్పు డ్రైవర్‌ది, పడిపోయేది ఫైల్ సిస్టమ్ కోడ్‌. ఈ కేసులు అంత తలనొప్పిగా ఉండేది ఇందుకే.

కెర్నల్‌లో జరిగే ఒక్క తప్పు ఎంత దూరం పోతుందో 2024 జులై 19న అందరూ చూశారు. అది నెట్‌వర్క్ డ్రైవర్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల సెక్యూరిటీ డ్రైవర్. దానికి పంపిన ఒక కంటెంట్ అప్‌డేట్ వల్ల అది చదవకూడని మెమరీ చదవబోయింది, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానానికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. మీ సర్వర్‌లోని నెట్‌వర్క్ డ్రైవర్ ఉండేది కూడా సరిగ్గా అదే అంతస్తులో.

నెట్‌వర్క్ డ్రైవర్ మీద అనుమానం ఎప్పుడు రావాలి?

క్రాష్ అయిన టైమ్‌లన్నీ ఒక కాగితం మీద రాసుకుని చూడండి. రాత్రి బ్యాకప్ నడిచే వేళకో, వర్చువల్ మెషీన్లని ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి మార్చే వేళకో, అంటే నెట్‌వర్క్ మీద ట్రాఫిక్ బాగా పెరిగినప్పుడే పడుతుంటే అది మొదటి ఆధారం. కెర్నల్ అప్‌డేట్, డ్రైవర్ అప్‌డేట్, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, కొత్త వీపీఎన్ లేదా యాంటీవైరస్ వేసిన వారం లోపే మొదలైతే అది రెండోది. పడిపోయే ముందు లాగ్‌లో లింక్ డౌన్, లింక్ అప్ అని పదే పదే ఉంటే మూడోది.

ప్రతిసారీ ఒకే స్టాప్ కోడ్ (బ్లూ స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ నంబరు), ఒకే మోడ్యూల్ (లోడ్ అయిన డ్రైవర్ ఫైల్) పేరు వస్తుంటే డ్రైవర్ వైపు మొగ్గండి. ఒకసారి ఒక కోడ్, ఇంకోసారి ఇంకో కోడ్, ఏ పొంతనా లేకుండా వస్తుంటే ముందు ర్యామ్ చూసుకోవడం మంచిది, అయితే పైన చెప్పిన డీఎంఏ తప్పు కూడా ఇలాగే పొంతన లేకుండా కనిపిస్తుంది కాబట్టి ర్యామ్ బాగుందని తేలాక మళ్లీ డ్రైవర్ దగ్గరికే రావాలి.

సర్వర్ ఇప్పుడే పడిపోయింది, ఫోన్లు మోగుతున్నాయి. ముందు ఏం చేయను?

స్క్రీన్ మీద ఏదైనా ఉంటే ఫోన్‌తో ఫొటో తీయండి. సర్వర్ దగ్గర లేకపోతే డెల్ వాటిలో ఐడ్రాక్, హెచ్‌పీ వాటిలో ఐఎల్‌ఓ లాంటి మేనేజ్‌మెంట్ పోర్ట్‌లోకి (ఓఎస్ పడిపోయినా దూరం నుంచి సర్వర్‌ని చూపించేది) వెళ్లి కన్సోల్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. డంప్ రాస్తున్నట్టు శాతం కనిపిస్తుంటే అది పూర్తయ్యేదాకా పవర్ బటన్ జోలికి వెళ్లొద్దు, ఎవరెంత తొందర పెట్టినా సరే. ఆ కాసేపు ఆగకపోతే ఇదే సమస్యతో వచ్చే వారం మళ్లీ ఇదే టెన్షన్ పడాలి, చేతిలో ఆధారం కూడా ఉండదు.

సర్వర్ లేచాక డంప్ ఫైల్‌ని వేరే చోటికి కాపీ చేయండి. విండోస్‌లో పెద్ద డంప్ సీ డ్రైవ్ విండోస్ ఫోల్డర్‌లో మెమరీ డాట్ డీఎంపీ పేరుతో ఉంటుంది, తర్వాతి క్రాష్ వస్తే మామూలు సెట్టింగ్‌లో దాని మీదే కొత్తది రాసేస్తుంది. చిన్నవి మినీడంప్ ఫోల్డర్‌లో తేదీలవారీగా ఉంటాయి. సిస్టమ్ ఈవెంట్ లాగ్‌ని కూడా ఫైల్‌గా సేవ్ చేసుకోండి, సర్వర్ హార్డ్‌వేర్ లాగ్ కూడా. ఆ తర్వాతే సర్వీసుల సంగతి చూడండి.

ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉంది. పవర్ సమస్యేనా?

కాదు, ఆ పేరు చూసి చాలామంది యూపీఎస్ వాడిని పిలుస్తారు. సర్వర్ సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిందని మాత్రమే ఆ ఈవెంట్ అర్థం. దాన్ని తెరిచి వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అన్న గడి చూడండి. అక్కడ సంఖ్య దశాంశంలో ఉంటుంది: 209 అంటే స్టాప్ కోడ్ డీ1, 307 అంటే 133, 292 అంటే 124. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదన్నమాట, అప్పుడు కరెంటు పోయిందా, మెషీన్ పూర్తిగా బిగుసుకుపోయిందా అని చూడాలి. బ్లూ స్క్రీన్ వచ్చి డంప్ పడితే 1001 నంబరుతో బగ్‌చెక్ ఈవెంట్ కూడా పక్కనే కనిపిస్తుంది.

డంప్ ఫైలే కనిపించడం లేదు, ఎందుకు?

విండోస్‌లో ఎక్కువసార్లు పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) దగ్గరే వస్తుంది చిక్కు. డిస్క్ మీద చోటు మిగులుతుందని ఎవరో పేజ్ ఫైల్ తీసేసి ఉంటారు, లేదా బాగా చిన్నది పెట్టి ఉంటారు. క్రాష్ టైమ్‌లో విండోస్ ముందు పేజ్ ఫైల్‌లోనే డంప్ రాసుకుంటుంది, అది లేకపోతే రాసే చోటే ఉండదు. సీ డ్రైవ్ మీద పేజ్ ఫైల్ ఉంచి, కెర్నల్ మెమరీ డంప్ ఎంచుకోండి, మామూలు అవసరాలకి అది చాలు.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. కొన్ని సర్వర్లలో హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉంటుంది, హెచ్‌పీ వాటిలో దాన్ని ఏఎస్‌ఆర్ అంటారు. ఓఎస్ కొన్ని నిమిషాలు పలకకపోతే అది సర్వర్‌ని రీసెట్ చేసేస్తుంది. 500 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో పూర్తి డంప్ రాయడానికి అంతకంటే ఎక్కువ సేపు పడితే సగంలోనే తెగిపోతుంది. కేసు తేలేదాకా వాచ్‌డాగ్‌ని ఆపి ఉంచండి.

విండోస్ డంప్‌ని ఎలా చదవాలి? నేను ప్రోగ్రామర్‌ని కాదు.

ప్రోగ్రామర్ అయి ఉండక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డంప్ చదివే విన్‌డీబీజీ ఉచితంగా దొరుకుతుంది, మీ ల్యాప్‌టాప్‌లో వేసుకుని డంప్‌ని తెరవండి, సింబల్స్ (అడ్రస్‌లని ఫంక్షన్ పేర్లుగా మార్చే ఫైళ్లు) మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి దిగేదాకా ఆగి, ముందు ఆశ్చర్యార్థకం పెట్టి ఎనలైజ్, ఖాళీ, మైనస్ వీ అని కొట్టండి. పెద్ద చిట్టా వస్తుంది, అందులో చూడాల్సినవి కొన్నే.

ఒక ఉదాహరణ పెట్టుకుని దగ్గరగా చూద్దాం. స్టాప్ కోడ్ డీ1 వచ్చింది, దాని పూర్తి పేరు డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. కింద నాలుగు ఆర్గ్యుమెంట్లు ఉంటాయి. మొదటిది డ్రైవర్ ముట్టుకోబోయిన మెమరీ అడ్రస్, అక్కడ అన్నీ సున్నాలు ఉండి చివర 28 అని ఉందనుకోండి, డ్రైవర్ దగ్గర ఉండాల్సిన పాయింటర్ ఖాళీగా ఉంది, దాని నుంచి 28 బైట్ల దూరంలో ఏదో చదవబోయింది అని అర్థం, ఆ 28 కూడా హెక్సాలోనే. రెండోది ఐఆర్‌క్యూఎల్, అంటే అప్పుడు సీపీయూ ఏ ప్రాధాన్య స్థాయిలో ఉందో చెప్పేది, 2 అని ఉంటే డిస్పాచ్ లెవెల్, ప్యాకెట్లు అందుకునే పని సాధారణంగా జరిగేది అక్కడే. మూడోది సున్నా అయితే చదవబోయింది, 1 అయితే రాయబోయింది. నాలుగోది ఆ పని చేసిన కోడ్ అడ్రస్, అది ఏ ఫైల్‌లో ఉందో విన్‌డీబీజీయే చెబుతుంది.

ఇమేజ్ నేమ్ దగ్గర వచ్చిన పేరు తీసుకుని ఎల్ఎం వీఎం కమాండ్‌తో చూస్తే ఆ డ్రైవర్ ఎప్పుడు తయారైందో తేదీ వస్తుంది. సర్వర్ నిన్నమొన్నటిది, డ్రైవర్ తేదీ మాత్రం ఏళ్ల నాటిది అయితే పని మొదలుపెట్టాల్సింది అక్కడే. స్టాప్ కోడ్ 133 వస్తే, అది డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్, అంటే డ్రైవర్ తన పని మధ్యలో సీపీయూని పట్టుకుని వదల్లేదు. దానికి మినీడంప్ సరిపోకపోవచ్చు, అన్ని సీపీయూల స్టాక్‌లూ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే వరసలు) చూడటానికి కెర్నల్ డంప్ దగ్గర ఉంచుకోండి.

డంప్‌లో ఎన్‌డీఐఎస్ లేదా టీసీపీఐపీ అని చూపిస్తోంది. అంటే తప్పు మైక్రోసాఫ్ట్‌దా?

చాలావరకు కాదు. అవి విండోస్ సొంత నెట్‌వర్క్ ఫైళ్లు, ప్యాకెట్ పైకి వెళ్లే దారిలో ఉంటాయి, కింది డ్రైవర్ పాడు బఫర్ ఇస్తే దాన్ని విప్పబోయి పడిపోయేది అవే. కే అని కొట్టి స్టాక్ మొత్తం చూడండి, మైక్రోసాఫ్ట్‌ది కాని మొదటి పేరు ఏది వస్తుందో అది ముద్దాయి. అది కార్డు డ్రైవరే కానక్కర్లేదు, యాంటీవైరస్ ఫిల్టర్, వీపీఎన్ క్లయింట్, పాత టీమింగ్ (పోర్టులని కలిపి ఒకటిగా వాడే) సాఫ్ట్‌వేర్ కూడా అదే దారిలో కూర్చుంటాయి. ఎప్పుడో తీసేశామనుకున్న యాంటీవైరస్ తాలూకు ఫిల్టర్ డ్రైవర్ ఇంకా లోడ్ అవుతూ ఉండటం మామూలే, కాబట్టి ప్రోగ్రామ్‌ల జాబితాని నమ్మకుండా లోడ్ అయిన డ్రైవర్ల జాబితా చూడండి.

లైనక్స్‌లో ఎక్కడ వెతకాలి?

సర్వర్ మళ్లీ లేచాక జర్నల్‌సీటీఎల్ మైనస్ కే మైనస్ బీ మైనస్ 1 కొడితే పోయినసారి బూట్‌లోని కెర్నల్ మెసేజ్‌లు వస్తాయి, జర్నల్‌ని డిస్క్ మీద ఉంచే సెట్టింగ్ ఉంటేనే సుమా. కానీ పానిక్ వచ్చిన క్షణంలో చివరి లైన్లు డిస్క్‌కి చేరకపోవడమే ఎక్కువ. అందుకే పానిక్ వచ్చినప్పుడు మెమరీని డంప్‌గా రాసే కేడంప్ ఉండాలి, లేదా సీరియల్ కన్సోల్‌ని ఐపీఎంఐ (మేనేజ్‌మెంట్ పోర్ట్‌తో మాట్లాడే పద్ధతి) ద్వారా వేరే మెషీన్‌లో రికార్డ్ చేస్తూ ఉండాలి. నెట్‌కన్సోల్ అని ఒకటుంది, మంచిదే, కానీ అది లాగ్‌ని పంపేది నెట్‌వర్క్ కార్డు మీదుగానే, ఆ కార్డు డ్రైవరే పడిపోతుంటే ఇక అది ఎవరికి చెప్పుకుంటుంది? వేరే డ్రైవర్ వాడే రెండో కార్డు ఉంటే దాని మీద పెట్టుకోండి.

ట్రేస్, అంటే పానిక్‌లో కెర్నల్ రాసిన లైన్లు, దొరికాక ముందు ఆర్‌ఐపీ అని మొదలయ్యే లైన్ చూడండి. ఫంక్షన్ పేరు, దాని చివర చదరపు బ్రాకెట్లలో మోడ్యూల్ పేరు ఉంటాయి, ఐజీబీ అనో బీఎన్‌ఎక్స్‌2ఎక్స్ అనో ఐ40ఈ అనో ఉంటే డ్రైవర్ ఏదో తెలిసిపోయింది. కింద కాల్ ట్రేస్‌లో నెట్ ఆర్‌ఎక్స్ యాక్షన్, సాఫ్ట్ ఐఆర్‌క్యూ లాంటి పేర్లు వరసగా ఉంటే ప్యాకెట్లు అందుకునే దారిలో పడిందన్నమాట. ప్రశ్నార్థకం ఉన్న లైన్లని పట్టించుకోవద్దు, అవి స్టాక్‌లో మిగిలిపోయిన పాత అడ్రస్‌లు కావచ్చు.

టెయింటెడ్ అన్న మాట పక్కన ఉండే అక్షరాలు కూడా చదవండి. ఓ ఉంటే కెర్నల్‌తో పాటు రాని మోడ్యూల్ ఒకటి లోడ్ అయింది, పీ ఉంటే సోర్స్ బయటపెట్టని మోడ్యూల్, డబ్ల్యూ ఉంటే ఇంతకుముందే ఒక వార్నింగ్ వచ్చి ఉంది. డబ్ల్యూ కనిపిస్తే వెనక్కి వెళ్లి ఆ మొదటి వార్నింగ్ పట్టుకోండి, అసలు కథ అక్కడ మొదలై ఉంటుంది.

అన్నట్టు, లైనక్స్‌లో ప్రతి ఊప్స్‌కీ (కెర్నల్‌లో తప్పు జరిగిందని వచ్చే మెసేజ్) మెషీన్ ఆగిపోదు, ఆ ఒక్క ప్రాసెస్ పోయి మిగతాది నడిచిపోవచ్చు. నెట్‌వర్క్ డ్రైవర్ ఎక్కువగా ఇంటరప్ట్ సందర్భంలో, అంటే కార్డు పిలిస్తే సీపీయూ చేస్తున్న పని ఆపి వచ్చినప్పుడు, నడుస్తుంది, చంపడానికి అక్కడ ప్రాసెస్ అంటూ ఏదీ ఉండదు, అందుకే ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ ఇంటరప్ట్ అని చెప్పి నేరుగా పానిక్‌లోకి వెళ్లిపోతుంది.

నెట్‌డెవ్ వాచ్‌డాగ్, ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్‌డ్ ఔట్ అని వస్తోంది. ఇది క్రాషేనా?

కాదు, వార్నింగ్. కార్డుకి పంపమని ఇచ్చిన ప్యాకెట్లు కొన్ని సెకన్లుగా కదల్లేదు, డ్రైవర్ కార్డుని రీసెట్ చేస్తోంది అని అర్థం. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, నెట్‌వర్క్ మాత్రం తెగి కలుస్తూ ఉంటుంది. కానీ దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రీసెట్ చేసే కోడ్ అరుదుగా నడిచేది, తప్పులు దాక్కునే చోటు కూడా అదే.

కేడంప్ పెట్టడానికి ఏం కావాలి?

బూట్ లైన్‌లో క్రాష్‌కెర్నల్ పెట్టి కొంత మెమరీ పక్కన ఉంచాలి. ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్‌హ్యాట్ లైనక్స్) 9 నుంచి అక్కడ ఆటో అన్న విలువ తీసేశారు, కాబట్టి పాత నోట్స్ చూసి అలాగే కాపీ కొట్టకండి, కేడంప్‌సీటీఎల్ చెప్పే విలువ వాడండి. డంప్‌ని లోకల్ డిస్క్ మీదే రాయించండి. ఎన్‌ఎఫ్‌ఎస్‌కో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానో నెట్‌వర్క్ మీద పంపేలా పెడితే డంప్ రాయడానికి లేచే రెండో కెర్నల్ కూడా అదే పాడు డ్రైవర్‌ని లోడ్ చేసి మళ్లీ పడిపోవచ్చు.

పెట్టాక పరీక్షించాలి, ఇది తప్పదు. ఎవరూ వాడని టైమ్ చూసుకుని సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌లోకి సీ అక్షరం పంపితే కెర్నల్ వెంటనే పానిక్ అవుతుంది, వార్ క్రాష్ ఫోల్డర్‌లో వీఎంకోర్ పడిందో లేదో చూసుకోండి. పరీక్షించని కేడంప్‌ని నమ్ముకోవద్దు.

కొత్త డ్రైవర్ వేస్తే సరిపోతుందా?

ఒక్కోసారి సరిపోతుంది, కానీ ఊరికే లేటెస్ట్ వేసేయడం కంటే జత చూడటం ముఖ్యం. కార్డు లోపల ఫర్మ్‌వేర్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంటుంది, డ్రైవర్ దానితోనే మాట్లాడుతుంది. డ్రైవర్ కొత్తదై ఫర్మ్‌వేర్ పాతదైతే, లేదా అటుది ఇటైతే, కంపెనీ ఎప్పుడూ కలిపి పరీక్షించని జత మీ దగ్గర నడుస్తున్నట్టు. లైనక్స్‌లో ఈథ్‌టూల్ మైనస్ ఐ, వీఎంవేర్ హోస్ట్ మీద నడిచే ఈఎస్‌ఎక్స్‌ఐలో ఈఎస్‌ఎక్స్‌సీఎల్‌ఐ నెట్‌వర్క్ నిక్ గెట్ ఈ రెండింటినీ చూపిస్తాయి. విండోస్‌లో గెట్ నెట్‌అడాప్టర్ డ్రైవర్ వెర్షన్ చెబుతుంది, ఫర్మ్‌వేర్ సంగతి సర్వర్ మేనేజ్‌మెంట్ పేజీలో చూసుకోవచ్చు. వీఎంవేర్ కంపాటిబిలిటీ గైడ్‌లో (ఇప్పుడు దాని పేరు బ్రాడ్‌కామ్ కంపాటిబిలిటీ గైడ్) ఏ డ్రైవర్‌కి ఏ ఫర్మ్‌వేర్ అని జతలుగానే ఇస్తారు, అది ఉన్నది ఇందుకే.

డెల్, హెచ్‌పీ, లెనొవో సర్వర్లయితే డ్రైవర్ వాళ్ల సైట్ నుంచే తీసుకోండి. చిప్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఇంకా కొత్తది ఉండొచ్చు, కానీ సపోర్ట్ కావాలంటే సర్వర్ కంపెనీ ఇచ్చిన వెర్షనే అడుగుతారు.

సర్వర్ దూరంగా డేటా సెంటర్‌లో ఉంది. ఆర్‌డీపీలోనే (రిమోట్ డెస్క్‌టాప్) డ్రైవర్ మార్చొచ్చా?

మేనేజ్‌మెంట్ పోర్ట్ పనిచేస్తోందని ముందు లాగిన్ అయి చూసుకోకుండా మార్చొద్దు. డ్రైవర్ మారే క్షణంలో నెట్‌వర్క్ తెగుతుంది, కొత్తది లేవకపోతే మీరు బయటే ఉండిపోతారు. మార్చే ముందు ఐపీ అడ్రస్, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్, వీల్యాన్ నంబరు అన్నీ రాసి పెట్టుకోండి. విండోస్‌లో డ్రైవర్‌ని తీసేసి మళ్లీ వేస్తే కొన్నిసార్లు కార్డు ఈథర్‌నెట్ 2 అనే కొత్త పేరుతో వస్తుంది, పాత ఐపీ కనిపించని పాత అడాప్టర్ దగ్గరే ఉండిపోతుంది, కొత్తదానికి అదే ఐపీ ఇవ్వబోతే ఇది వేరే అడాప్టర్‌కి ఇచ్చి ఉంది అంటుంది. డివైస్ మేనేజర్‌లో హిడెన్ డివైస్‌లు చూపించమని పెట్టి ఆ పాతదాన్ని తీసేస్తే సరిపోతుంది.

పాత డ్రైవర్‌ని కూడా దాచుకోండి. విండోస్‌లో పీఎన్‌పీయుటిల్ ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ కమాండ్‌తో ఫోల్డర్‌లోకి తీసుకోవచ్చు. రోల్ బ్యాక్ బటన్ ఉంది కదా అనుకోవద్దు, అది ఒక్కోసారి పనిచేయని స్థితిలో ఉంటుంది. లైనక్స్‌లో అయితే మార్చే ముందు ఎట్ కమాండ్‌తో పదిహేను నిమిషాల తర్వాత పాత సెట్టింగ్ తిరిగి వచ్చేలా ఒక పని పెట్టుకోండి, అంతా బాగుంటే దాన్ని రద్దు చేయండి.

సర్వర్ అసలు బూటే కావడం లేదు, లోగో దగ్గరే పడిపోతోంది.

విండోస్‌లో నెట్‌వర్కింగ్ లేని సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి, నెట్‌వర్కింగ్ ఉన్న సేఫ్ మోడ్ ఎంచుకుంటే అదే డ్రైవర్ మళ్లీ లోడ్ అవుతుంది. సేఫ్ మోడ్ కూడా రాకపోతే రికవరీ కమాండ్ ప్రాంప్ట్ నుంచి డిస్మ్‌తో ఆఫ్‌లైన్‌లో గెట్ డ్రైవర్స్ చేసి, ఆ ఓఈఎం నంబరు చూసుకుని రిమూవ్ డ్రైవర్ చేయొచ్చు. బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ చేతిలో ఉండాలి, అది అదే సర్వర్‌లో దాచి ఉంటే లాభం లేదు.

లైనక్స్‌లో గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకోండి, చాలాసార్లు అంతటితో అయిపోతుంది. కాకపోతే బూట్ లైన్ చివర మోడ్‌ప్రోబ్ డాట్ బ్లాక్‌లిస్ట్ ఈక్వల్స్ మోడ్యూల్ పేరు పెట్టి ఆ డ్రైవర్ లోడ్ కాకుండా లేపండి. లేచాక ఆ కెర్నల్ మళ్లీ తనంతట తాను అప్‌డేట్ కాకుండా ఉబుంటులో ఆప్ట్ మార్క్ హోల్డ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో వెర్షన్‌లాక్ వాడండి.

ఆఫ్‌లోడ్‌లు ఆపేయమంటారు అందరూ, అది నిజంగా పనిచేస్తుందా?

కొన్నిటికి పనిచేస్తుంది. పెద్ద ప్యాకెట్లని ముక్కలు చేయడం, వచ్చిన ముక్కలని కలపడం లాంటి పనులు కార్డే చేస్తుంది, వీటినే ఆఫ్‌లోడ్‌లు అంటారు, ఆ కోడ్ చిక్కుగా ఉంటుంది, తప్పులూ అక్కడే ఎక్కువ. లైనక్స్‌లో ఈథ్‌టూల్ పెద్ద కే ఆప్షన్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ, జీఆర్‌ఓ ఆపొచ్చు (చివరి రెండూ కెర్నలే చేసే ఇలాంటి పనులు), విండోస్‌లో ఎల్‌ఎస్‌ఓ, ఆర్‌ఎస్‌సీ, మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ హైపర్‌వీలో వీఎంక్యూ (ప్యాకెట్లని వర్చువల్ మెషీన్లకి పంచేది). ఒక గిగాబిట్ బ్రాడ్‌కామ్ కార్డుల్లో వీఎంక్యూ ఆన్‌లో ఉంటే వర్చువల్ మెషీన్లకి నెట్‌వర్క్ పోయే సమస్య ఒకప్పుడు ఎంతమందిని సతాయించిందో హైపర్‌వీ చూసుకునేవాళ్లకి తెలుసు, మైక్రోసాఫ్ట్ కూడా అప్పట్లో దాని మీద నోట్ రాసింది.

కానీ అన్నీ ఒకేసారి ఆపకండి. ఒకటి ఆపి, నడిపి చూసి, తర్వాతది. క్రాష్ ఆగితే ఏది కారణమో తెలిసి ఉండాలి, అది తెలిస్తే కంపెనీవాళ్లకి చెప్పగలరు, సరైన డ్రైవర్ వచ్చాక మళ్లీ ఆన్ చేయగలరు. 10 గిగాబిట్, 25 గిగాబిట్ కార్డుల మీద అన్నీ ఆపి వదిలేస్తే సీపీయూ భారం పెరిగి వేగం పడిపోతుంది.

డ్రైవర్ వెరిఫైయర్ పెట్టమన్నారు. ప్రొడక్షన్‌లో పెట్టొచ్చా?

అది డ్రైవర్ల తప్పులు పట్టుకునే విండోస్ సాధనం. వేరే దారి లేనప్పుడే పెట్టండి, అదీ అనుమానం ఉన్న ఒక్క డ్రైవర్ మీదే. తప్పు చేసిన క్షణంలోనే సర్వర్‌ని పడేయడమే దాని పని, కాబట్టి క్రాష్‌లు పెరుగుతాయి, కానీ వచ్చే డంప్ నేరుగా అసలు దొంగని చూపిస్తుంది. అన్ని డ్రైవర్లనీ టిక్ చేస్తే సర్వర్ బూట్ కూడా కాకపోవచ్చు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వెరిఫైయర్ రీసెట్ కొట్టడం ఎలాగో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

రెండు పోర్టులు టీమింగ్‌లో ఉన్నాయి కదా, అయినా పడుతుందా?

పడుతుంది. టీమింగ్ కాపాడేది కేబుల్, స్విచ్, పోర్ట్ పోయినప్పుడు. రెండు పోర్టులకీ డ్రైవర్ ఒక్కటే, అది కెర్నల్‌ని పడేస్తే రెండూ పోతాయి. క్లస్టర్‌లో కూడా అన్ని నోడ్‌లకీ ఒకే రాత్రి ఒకే డ్రైవర్ వేయొద్దు, ఒకదానికి వేసి వారం ఆగండి.

వీఎంవేర్‌లో పర్పుల్ స్క్రీన్ వచ్చింది, తప్పు వర్చువల్ మెషీన్‌దా, హోస్ట్‌దా?

రెండూ సాధ్యమే. ఈఎస్‌ఎక్స్‌ఐ 5 వెర్షన్ నడిచిన రోజుల్లో ఈ1000 రకం వర్చువల్ కార్డు వాడే మెషీన్ల వల్ల హోస్ట్ మొత్తం పర్పుల్ స్క్రీన్‌లోకి వెళ్లిన బగ్ ఉండేది, స్క్రీన్ మీద ఈ1000 పోల్ ఆర్‌ఎక్స్ రింగ్ అని కనిపించేది. ప్యాచ్ వచ్చింది, వీఎంఎక్స్‌నెట్3కి మారమని కూడా చెప్పారు. ఇప్పటికీ పాత టెంప్లేట్ల నుంచి తయారైన మెషీన్లలో ఈ1000 మిగిలిపోయి ఉంటుంది, ఒకసారి జాబితా తీసి చూడండి. స్క్రీన్ మీద ఈ1000 కాకుండా కార్డు డ్రైవర్ పేరు ఉంటే హోస్ట్ డ్రైవర్, ఫర్మ్‌వేర్ జత దగ్గరికి వెళ్లండి.

క్లౌడ్‌లో ఉన్న మెషీన్‌కి?

కన్సోల్ లాగ్, సీరియల్ కన్సోల్ పోర్టల్‌లోనే ఉంటాయి, అక్కడ మొదలుపెట్టండి. లేవకపోతే డిస్క్‌ని విడదీసి ఇంకో మెషీన్‌కి తగిలించి డ్రైవర్ సరిచేసి తిరిగి పెట్టొచ్చు. స్నాప్‌షాట్ తీయకుండా మాత్రం ముట్టుకోవద్దు.

డ్రైవర్ కాదు, హార్డ్‌వేరే పాడైందేమో అని ఎలా తేల్చుకోవాలి?

విండోస్‌లో స్టాప్ కోడ్ 124 వస్తే హార్డ్‌వేర్ వైపు చూడండి. లైనక్స్‌లో పీసీఐఈ ఏఈఆర్ ఎర్రర్లు (కార్డు స్లాట్ దారిలో వచ్చేవి), మెషీన్ చెక్ మెసేజ్‌లు ఉంటే కూడా అంతే. అదే మోడల్ కార్డు ఇంకోటి పెట్టి అదే డ్రైవర్‌తో నడపండి, అప్పటికీ పడితే డ్రైవర్, ఆగితే కార్డు. ఇంటెల్ మెషీన్‌లో బూట్ లైన్‌లో ఇంటెల్ ఐఓఎంఎంయూ (కార్డులు మెమరీలో ఎక్కడ రాయొచ్చో కాపలా కాసేది) ఆన్ చేస్తే కార్డు తనది కాని చోట రాయబోయినప్పుడు డీఎంఏఆర్ ఫాల్ట్ అని లాగ్‌లో పడుతుంది, మొదట్లో చెప్పిన డీఎంఏ తప్పుని పట్టుకోవడానికి ఇది మంచి సాయం.

అయితే ఆధారాలు ఎటు చూపించినా కొంచెం అనుమానం మిగుల్చుకోవాలి. 2008లో లైనక్స్ 2.6.27 టెస్ట్ వెర్షన్లు వాడిన కొందరికి ఇంటెల్ కార్డుల్లోని ఎన్‌వీఎం (కార్డు తన సెట్టింగ్‌లు దాచుకునే మెమరీ) చెరిగిపోయి కార్డులే పనికిరాకుండా పోయాయి. అందరూ ఈ1000ఈ డ్రైవర్‌నే తప్పుపట్టారు, చివరికి తేలింది ఏమిటంటే ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ కోడ్ ఖాళీ అయిన మెమరీ అనుకుని రాస్తోంది, ఆ అడ్రస్‌లు ఈలోపు కార్డుకి మ్యాప్ అయి ఉన్నాయి. 2013లో ఇంకోటి: ఇంటెల్ 82574ఎల్ చిప్ ఉన్న కొన్ని బోర్డుల్లో ప్యాకెట్‌లో ఒక ప్రత్యేకమైన చోట ఒక ప్రత్యేకమైన బైట్ వస్తే చాలు, కార్డు మొత్తం చచ్చిపడేది, పవర్ తీసి పెడితే గానీ లేచేది కాదు. క్రిస్టియన్ కీల్‌హాఫ్నర్ అనే ఇంజనీర్ దాన్ని ఓపిగ్గా తవ్వి పట్టుకున్నాడు. అక్కడ తప్పు డ్రైవర్‌లో కాదు, ఒక బోర్డు తయారీదారు ఈఈప్రామ్‌లో, అంటే అలాంటి మెమరీలోనే, తప్పుగా రాసిన డేటాలో ఉందని ఇంటెల్ చెప్పింది.

కంపెనీకి టికెట్ పెడితే డ్రైవర్ అప్‌డేట్ చేయమని చెప్పి మూసేస్తున్నారు. ఏం రాయాలి?

సర్వర్ తరచుగా పడిపోతోంది అని మాత్రం రాస్తే ఆ జవాబే వస్తుంది. డ్రైవర్ వెర్షన్, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఓఎస్ బిల్డ్ నంబరు, డంప్‌లోని స్టాక్, క్రాష్ అయిన టైమ్‌లు, ఆ టైమ్‌లో నడుస్తున్న పని, ఇప్పటిదాకా మార్చి చూసినవి, ఇవన్నీ మొదటి మెసేజ్‌లోనే పెట్టండి. డంప్ ఇవ్వడానికి సిద్ధంగా ఉందని చెప్పండి, కానీ అందులో పాస్‌వర్డ్‌లు, కస్టమర్ డేటా కూడా ఉండొచ్చు కాబట్టి వాళ్ల సురక్షిత అప్‌లోడ్ దారిలోనే పంపండి, మెయిల్‌లో కాదు.

అన్నింటికంటే బలమైనది మళ్లీ తెప్పించి చూపించడం. టెస్ట్ మెషీన్‌లో ట్రాఫిక్ పుట్టించే ఐపెర్ఫ్3తో చాలా స్ట్రీమ్‌లు ఒకేసారి నడుపుతూ, చిన్న యూడీపీ ప్యాకెట్లు కొడుతూ, మధ్యలో కేబుల్ తీసి పెడుతూ, ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు) మారుస్తూ చూడండి. ఇలా చేస్తే పడుతుంది అని మీరు రాసి ఇవ్వగలిగితే టికెట్ నేరుగా ఇంజనీరింగ్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది.

సమస్య నిజంగా పోయిందని ఎప్పుడు నమ్మాలి?

క్రాష్‌లు సగటున ఎన్ని రోజులకోసారి వచ్చాయో చూసి, దానికి మూడింతలు ఆగండి. 4 రోజులకోసారి పడే సర్వర్ మార్పు తర్వాత వారం నిలబడితే అది అదృష్టం కూడా కావచ్చు. 12 రోజులు నిలబడితే, క్రాష్‌లు ఒక వరుస లేకుండా వచ్చేవే అయితే, ఊరికే అలా జరిగే అవకాశం నూటికి 5 మాత్రమే. ఆ రోజుల్లో బ్యాకప్‌లు, నెలాఖరు పనులు మామూలుగానే నడవాలి, ట్రాఫిక్ తగ్గించి పెట్టి పడలేదు అనుకుంటే లాభం లేదు. ఆ గడువు దాటాక డ్రైవర్ వెరిఫైయర్ ఆపేయండి, హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ మళ్లీ ఆన్ చేయండి, ఆపిన ఆఫ్‌లోడ్‌లని ఒక్కొక్కటిగా తిరిగి తెరవండి. పేజ్ ఫైల్, కేడంప్ మాత్రం అలాగే ఉండనివ్వండి.